ఓసీ గుంతలో రాత్రిపూట నిండే చెరువు

"మా ఊరి పక్కన ఓపెన్‌కాస్ట్ వస్తుందంటున్నారు. ఎండలు ఇంకా పెరుగుతాయా?" అని భూపాలపల్లి వైపు నుంచి ఒక పాఠకురాలు అడిగారు. ఓపెన్‌కాస్ట్ (ఓసీ) అంటే నేలను పైనుంచి తవ్వుకుపోయే బొగ్గు గుంత. నేల లోపలి వేడి ఆ గుంతలోంచి తన్నుకొస్తుందని చాలామంది నమ్మకం. భయపడాల్సింది దానికి కాదు. లోతుకు పోయేకొద్దీ కిలోమీటరుకు 25–30 డిగ్రీలు పెరుగుతుంది, అంటే 100 మీటర్ల అడుగున తేడా మూడు డిగ్రీలే. ఎండ ముదిరేది చెట్లు పోవడం వల్ల. ఆకుల నుంచి లీటరు నీరు ఆవిరి కావడానికి, రెండు వేల వాట్ల హీటరు 20 నిమిషాలు మండినంత వేడి ఖర్చవుతుంది. అడవి కొట్టేస్తే ఆ వేడంతా బోడి ఓబీ గుట్టల (బొగ్గు మీది మట్టి, రాయి తవ్వి పోసిన కుప్పల) మీద, నల్లటి బొగ్గు మీద పడుతుంది. గుట్టల పక్క ఇళ్లకు సెగ తగులుతుంది. దూరం పోయేకొద్దీ తగ్గుతుంది.

నాకు మాత్రం చలికాలపు తెల్లవారుజాము గురించే ఎక్కువ దిగులు.

గుంతను చెరువు అనుకోండి. మబ్బు, గాలి లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది. 20 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు 1.204 కిలోలు తూగితే, 15 డిగ్రీల గాలి 1.225 కిలోలు తూగుతుంది. ఆ ఇరవై గ్రాముల తేడా చాలు, గాలి నీళ్లలా పల్లానికి పారుతుంది. చుట్టుపక్కల చేలు, ఓబీ గుట్టల వాలు ఈ చెరువుకు పరీవాహకం. చల్లగాలి బెంచీల (గుంత గోడకు తవ్విన మెట్ల) మీదుగా మెట్టుమెట్టు దిగి అడుగున నిండుతుంది. పైన వెచ్చటి గాలి మూత వేస్తుంది. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. బడిలో ఒక్క వాక్యంలో చెప్పి దాటేస్తారు. ఒక్క రోజు పిల్లల్ని గుట్టెక్కించి పొగమంచు చూపిస్తే జన్మలో మరిచిపోరు!

రాత్రి షిఫ్టు డంపర్ల పొగ, రోడ్డు దుమ్ము ఈ చెరువులోకే చేరతాయి. నీటికున్నంత సాంద్రతే ఉన్న 10 మైక్రాన్ల కణం కదలని గాలిలో సెకనుకు 3 మిల్లీమీటర్లు దిగుతుంది. 100 మీటర్లకు 9 గంటలు. 2.5 మైక్రాన్ల కణానికైతే దాదాపు ఆరు రోజులు. డీజిల్ మసి అంతకన్నా సన్నం. చెరువు నిండితే గట్టు తక్కువైన చోట మత్తడి దూకుతుంది, ఆ దిగువనున్న ఊరికి చల్లగాలితోపాటు మసీ చేరుతుంది. పొద్దు పొడిచినా గుంత అడుగు చాలాసేపు నీడలోనే ఉంటుంది కాబట్టి మూత త్వరగా విడదు. పిల్లలు బడికి నడిచే వేళ సరిగ్గా అదే.

బావుల సంగతి అందరికీ తెలిసిందే. గుంతలో ఊటను పంపులతో తోడేకొద్దీ చుట్టూ నీటిమట్టం గరాటులా కుంగుతుంది, లోతు తక్కువ బావులు ముందు ఎండుతాయి.

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద జరిగే అధ్యయనాలకు వానాకాలం కాని ఒక్క సీజన్ కొలతలు సరిపోతాయి. ఎండాకాలంలో కొలిస్తే నేను చెప్పిన చెరువు సరిగా కనపడదు. అందుకే ప్రజాభిప్రాయ సేకరణలో ఇది అడగండి: డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో, దగ్గర్లోని పాత ఓసీ గట్టు మీదొకటి, అడుగునొకటి థర్మామీటరు పెట్టి చూశారా?

ఈలోగా మీ ఇంటి ముందు నుంచే చూడొచ్చు. చలి పొద్దున పొయ్యి పొగ కొంత లేచి అడ్డంగా పరుచుకుంటే, ఆ ఎత్తున మూత ఉన్నట్టే. అది ఎన్ని గంటలకు విడుతుందో వారం రోజులు రాసిపెట్టి, ఆ కాగితం సభకు పట్టుకెళ్లండి.