ఇంటి పన్నులో ఎనిమిది పైసలు

ఇంటి పన్ను లెక్కలో గ్రంథాలయ సెస్సు అని ఒకటి కలిసి ఉంటుంది. పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు. ఏడాదికి 2,000 పన్ను పడే ఇంటివాళ్లు 160 రూపాయలు గ్రంథాలయానికి కడుతున్నారన్నమాట. అయినా చాలా ఊళ్ల బీరువాల్లో పాత పుస్తకాలే.

ఆస్తి పన్నుతో గ్రంథాలయం నడపడం ఇంగ్లండ్‌లో 1850 చట్టంతో మొదలైంది. జనాభా పదివేలు దాటిన పట్టణాలు ఆస్తి అద్దె విలువలో పౌనుకు (అప్పట్లో 240 పెన్నీలు) అర పెన్నీ వేసుకోవచ్చు. అదీ పన్ను కట్టేవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఓటేస్తేనే. విడ్డూరమేమిటంటే ఆ డబ్బుతో భవనం కట్టొచ్చు, జీతాలివ్వొచ్చు, పుస్తకాలు మాత్రం కొనకూడదు! అవి దాతలే ఇస్తారనుకున్నారు. 1855లో పన్ను పెన్నీకి పెంచి, పుస్తకాలకూ వాడుకోనిచ్చారు. ఆ పెన్నీ పరిమితి పోవడానికి 1919 దాకా పట్టింది.

అమెరికాలో ఉక్కు వ్యాపారి, దాత ఆండ్రూ కార్నెగీ పెట్టిన మెలిక వేరు. భవనానికి ఆయన 10,000 డాలర్లిస్తే, ఊరు స్థలం చూపించి, ఏటా పన్నుల నుంచి 1,000 డాలర్లు నిర్వహణకు పెడతామని ముందే రాసివ్వాలి. అక్కడ అలా పదహారు వందలకు పైగా గ్రంథాలయాలు లేచాయి.

మన దగ్గర 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టేనాటికి ఉన్నవి చాలావరకు చందాల మీద నడిచేవే. సెస్సు 1948 మద్రాసు చట్టంతో వచ్చింది. 1955 హైదరాబాదు చట్టం, ఆపైన ఆంధ్ర, తెలంగాణ రెండు ప్రాంతాలకూ కలిపి 1960 ఆంధ్రప్రదేశ్ చట్టం.

చిక్కు ఎక్కడంటే, వసూలు చేసేది పంచాయతీ, మున్సిపాలిటీ. ఖర్చు పెట్టాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థ. ఇంగ్లండ్‌లో చాలాచోట్ల పన్ను తీసుకునే కౌన్సిలే గ్రంథాలయాన్నీ నడుపుతుంది కాబట్టి ఈ బదిలీ తంటా లేదు. (అక్కడి లోటు వేరే: 1964 చట్టం ‘సమగ్రంగా, సమర్థంగా’ నడపమందే గానీ ఎంత ఖర్చుపెట్టాలో చెప్పలేదు. 2010 తర్వాత కౌన్సిళ్ల నిధులకు కోత పడగానే చాలాచోట్ల తలుపులు మూతపడ్డాయి.) ఇక్కడ వసూలైన సెస్సు స్థానిక సంస్థ ఖాతాలోనే ఉండిపోయి, కరెంటు బిల్లులకో పారిశుద్ధ్యానికో కరిగిపోతుంది, లెక్కల పుస్తకంలో ‘బకాయి’గా మిగులుతుంది. ఉద్యోగుల జీతాలు ప్రభుత్వ గ్రాంటు మీద నడుస్తాయి కాబట్టి గ్రంథాలయం తెరిచే ఉంటుంది. పేపరు రాకపోతే పొద్దున్నే పాఠకులు నిలదీస్తారు, అందుకని పేపర్లూ వస్తాయి. ఆగేది పుస్తకాల కొనుగోలు.

మీ ఊరి సంగతి తేల్చుకోవాలంటే సమాచార హక్కు దరఖాస్తులు రెండు పెట్టాలి. మున్సిపాలిటీని ఏడాదివారీగా ఎంత సెస్సు వసూలైందో అడగాలి. జిల్లా సంస్థను, ఆ మున్సిపాలిటీ నుంచి ఎంత జమైందో అడగాలి. ‘సెస్సు వివరాలు’ అని ఊరికే రాస్తే డిమాండ్ అంకె, అంటే వసూలు కావాల్సిన మొత్తం, ఇచ్చి ఊరుకుంటారు.