పటేల్ షాట్ నుంచి సంఘం షాట్ దాకా

హాల్లో దీపాలు ఆరగానే సినిమా మొదలయ్యేది కాదు. ముందు న్యూస్‌రీలు పడేది. నలుపు తెలుపు తెర మీద ఒక ఆనకట్ట, ఒక వరద, ఒక మంత్రిగారి పర్యటన, విమానం దిగుతున్న ఒక విదేశీ అతిథి. వాటి మీదుగా గంభీరమైన మగగొంతు ఒకటి ఆగకుండా మాట్లాడుతూ పోయేది. జనం అప్పుడే తీరుబడిగా లోపలికి వచ్చేవారు, చీకట్లో చోటు వెతుక్కునేవారు, పిల్లలకు బఠాణీలు కొనిపెట్టేవారు. యాభై ఏళ్ళు దాటిన తెలుగువారిలో చాలామందికి డాక్యుమెంటరీ అంటే ఇప్పటికీ ఇదే జ్ఞాపకం: అసలు బొమ్మ పడేదాకా ఓపిక పట్టవలసిన పావుగంట.

ఆ పావుగంట చట్టం పెట్టిన పావుగంట. సమాజం గురించి, చరిత్ర గురించి, మనుషుల మనసుల గురించి తీసిన డాక్యుమెంటరీలను మనం ఇష్టపడి వెతుక్కుని చూసే అలవాటు ఎందుకు పెరగలేదని అడిగేవారు ఆ చట్టం దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

రెండో ప్రపంచ యుద్ధానికి జనం మద్దతు కూడగట్టడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1940లో ఫిల్మ్ అడ్వైజరీ బోర్డును, 1943లో ఇన్ఫర్మేషన్ ఫిలిమ్స్ ఆఫ్ ఇండియాను ఏర్పాటు చేసింది. ప్రభుత్వం ఆమోదించిన చిత్రాలను హాళ్ళవారు ప్రతి ఆటలోనూ వేసి తీరాలని భారత రక్షణ నిబంధనల కింద ఉత్తర్వు ఇచ్చింది. దేశమంతా ఒకే తెర మీద ఒకే గొంతు వినడం అలా మొదలైంది.

ఆ 1940లోనే ఇంకో రకం ప్రయత్నం కూడా జరిగింది. దాన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు గౌరవం పెరుగుతుంది. ఏ.కె. చెట్టియార్ అనే తమిళ యాత్రికుడికి, 1937లో న్యూయార్క్ నుంచి డబ్లిన్ వెళుతున్న ఓడలో, గాంధీజీ జీవితాన్ని సినిమాగా కూర్చాలన్న ఆలోచన వచ్చింది. చేతిలో పెద్ద సంస్థ లేదు, ప్రభుత్వం దన్ను లేదు. దేశదేశాలు తిరిగి, ఎవరెవరో ఎప్పుడెప్పుడో తీసి ఉంచిన గాంధీ దృశ్యాలను దాదాపు 50,000 అడుగుల మేర పోగుచేశాడు. వాటితో కూర్చిన చిత్రం 1940లో మద్రాసులో తమిళ వ్యాఖ్యానంతో విడుదలైంది, తరువాత తెలుగులోకీ వచ్చింది. ప్రభుత్వ యంత్రాంగమంతా యుద్ధం గురించి చెబుతున్న ఏడాదే ఒక్క మనిషి గాంధీ గురించి చెప్పాడు. మన దేశంలో డాక్యుమెంటరీకి ఈ రెండు దారులూ ఒకే ఏట పడ్డాయి.

ఇన్ఫర్మేషన్ ఫిలిమ్స్ మీద జాతీయవాదులకు ఉన్న కోపం సహజమైనదే. 1946లో ఆ సంస్థ మూతపడింది. దాని ఫలితం ఏమిటంటే, 1947 ఆగస్టు 15 వచ్చేనాటికి ఆ ఘడియను చిత్రీకరించడానికి ప్రభుత్వం చేతిలో సొంత సినిమా విభాగమే లేదు. ఈరోజు మనం చూసే దృశ్యాలు విదేశీ న్యూస్‌రీలు కంపెనీలూ ప్రైవేటు కెమెరామెన్లూ తీసి ఉంచినవి. మరుసటి ఏడాది, 1948లో, బొంబాయి కేంద్రంగా ఫిలిమ్స్ డివిజన్ పుట్టింది. పాత సంస్థ పోయినా హాళ్ళవారి మెడకు కట్టిన పాత నిబంధన మాత్రం కొత్త రూపంలో తిరిగి వచ్చింది. లైసెన్సు కావాలంటే ప్రతి ఆటలో 2,000 అడుగులు మించకుండా ఆమోదిత చిత్రాలు వేయాలి. 35 ఎంఎం రీలు లెక్కలో అది గరిష్ఠంగా 22 నిమిషాలు. పైగా వాటికి వసూళ్ళలో ఒక శాతం అద్దె కట్టాలి. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం దీనికి బలం ఇచ్చింది. థియేటర్ల యజమానులు కోర్టుకెక్కినా 1999లో సుప్రీంకోర్టు నిబంధన సబబేనని తేల్చింది.

ఫిలిమ్స్ డివిజన్‌ను ఒట్టి ప్రచార సంస్థగా కొట్టిపారేయడం అన్యాయం. మశూచి, క్షయ, కుటుంబ నియంత్రణ, వ్యవసాయం, జానపద కళలు, గిరిజనుల జీవితం: చదువురాని కోట్లమందికి వారి భాషలోనే చెప్పాలని పూనుకున్న సంస్థ మరొకటి లేదు. ఒక్కో చిత్రాన్నీ తెలుగుతో సహా పదికి పైగా భాషల్లోకి మార్చి పంపేవారు. అయితే తెర మీద కనిపించే రైతు నోరు తెరిచేవాడు కాదు. అతని పొలం గురించి, అతని రోగం గురించి, అతని పిల్లల సంఖ్య గురించి ఆ గొంతే చెప్పేది. పాఠం చెప్పేవాడు వినిపించేవాడు, పాఠం ఎవరి గురించో వారు మూగగా కదిలేవారు. జనం బఠాణీలు కొనుక్కోవడానికి లేచారంటే కారణం అక్కడుందని నా నమ్మకం.

ఆ గొంతును మొదట ఆపినవారు ఆ సంస్థ లోపలివారే. 1965లో జాన్ భౌనగరీ సలహాదారుగా తిరిగి వచ్చి రెండేళ్ళు యువ దర్శకులకు అండగా నిలిచారు. ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి 1967లో, స్వాతంత్ర్యం వచ్చిన రోజునే పుట్టిన ఇరవై ఏళ్ళ యువతీయువకుల ముందు కెమెరా పెట్టి, ఈ దేశం గురించి మీకేమనిపిస్తుందో చెప్పమన్నారు. చెప్పారు. ఆశ, విసుగు, కోపం అన్నీ చెప్పారు, అవీ ప్రభుత్వ డబ్బుతో తీసిన సినిమాలోనే. అదే ఏడు సుఖ్‌దేవ్ దేశాన్ని చుట్టివచ్చి తీసిన చిత్రంలో వ్యాఖ్యానం ఒక్క ముక్క లేదు. చూసేవారు తమంతట తాము ఆలోచించుకోగలరని నమ్మిన సినిమా అది.

ఆ వెసులుబాటు ఎక్కువకాలం నిలవలేదు. బయట ఇంకా కష్టంగా ఉండేది. నాలుగు మహానగరాల్లో సంపదనూ పేదరికాన్నీ పక్కపక్కన చూపిస్తూ కె.ఏ. అబ్బాస్ తీసిన చిన్న చిత్రానికి సెన్సారువారు పెద్దలకు మాత్రమే అన్న ముద్ర వేశారు. తరువాత బొంబాయి వ్యభిచార వాడ దృశ్యాలు కోసేయమన్నారు. అబ్బాస్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. విచారణ నడుస్తుండగానే కోతలేవీ లేకుండా అందరూ చూసేందుకు ప్రభుత్వం ఒప్పుకుంది. అబ్బాస్ మాత్రం ముందస్తు సెన్సారు ఉండాలా వద్దా అన్న అసలు ప్రశ్న తేల్చమన్నారు. 1970లో ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా ధర్మాసనం ఉండవచ్చునంది. డాక్యుమెంటరీ తీసేవారందరి మీదా ఆ తీర్పు నీడ ఈనాటికీ ఉంది.

1975లో రెండు సంఘటనలు నెలకు కాస్త పైబడిన తేడాలో జరిగాయి. జూన్ 25న ఎమర్జెన్సీ. ఆగస్టు 1న సైట్ ప్రయోగం. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ఏడాదిపాటు టీవీ పాఠాలు ప్రసారం చేశారు. కోళ్ళగూళ్ళకు వాడే ఇనుప వలతో చేసిన గొడుగులాంటి యాంటెన్నా కింద, ఊరంతటికీ ఒక టీవీ. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. తెలుగు పల్లెల్లో చాలామంది టీవీ అనేదాన్ని మొదట చూసింది అప్పుడే. ఆ కార్యక్రమాల్లో పనిచేసిన నిర్మాతల్లో పి.వి. సతీశ్ ఒకరు. ఆయన ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

ఎమర్జెన్సీ కాలంలోనే ఆనంద్ పట్వర్ధన్ బీహార్ ఉద్యమం మీద తీసిన తొలి చిత్రాన్ని ముక్కలుగా చేసి దేశం దాటించవలసి వచ్చింది. ప్రభుత్వంతో సంబంధం లేని డాక్యుమెంటరీ మన దేశంలో గట్టిగా నిలబడింది అక్కడి నుంచే. 1980ల తరువాత తగువు టీవీకి మారింది. భోపాల్ విషవాయువు మీద తపన్ బోస్, సుహాసినీ ములే తీసిన చిత్రానికి స్వర్ణకమలం వచ్చినా దూరదర్శన్ ప్రసారం చేయనంది. వేయాల్సిందేనని సుప్రీంకోర్టు 1992లో చెప్పింది. పట్వర్ధన్ చిత్రాలదీ ఇదే వరస. అవార్డు ఇచ్చేదీ ప్రభుత్వమే, చూపించనన్నదీ ప్రభుత్వమే.

ఇదంతా బొంబాయి, ఢిల్లీల కథలా కనిపించవచ్చు. అయితే నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించే చిత్రం హైదరాబాద్‌లో, తెలుగులో పుట్టింది.

1978లో పోలీసు కస్టడీలో జరిగిన ఒక అత్యాచారం నగరాన్ని కుదిపేసింది. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో రూపుదిద్దుకున్న మహిళా సంఘం పేరు ‘స్త్రీశక్తి సంఘటన’. అదే సమయంలో బెంగళూరులో దీపా ధన్‌రాజ్, ఆభా భయ్యా, మీరా రావు, నవరోజ్ కాంట్రాక్టర్ కలిసి యుగాంతర్ అనే బృందం పెట్టారు. పుణే పనిమనుషుల మీద, నిపాణి పొగాకు కార్మిక స్త్రీల మీద సినిమాలు తీశారు. హైదరాబాద్‌కు వచ్చినప్పుడు ఆ బృందం, స్త్రీశక్తి సంఘటన సభ్యులు కలిసి కూర్చుని తమ ఇళ్ళ గురించే మాట్లాడుకున్నారు. ఆ మాటల్లోంచి 1983లో ‘ఇది కథ మాత్రమేనా’ వచ్చింది. సుమారు 25 నిమిషాలు, 16 ఎంఎం, నలుపు తెలుపు. తమ జీవితాల్లోని సంగతులు కలిపి అల్లిన కథలో సభ్యులే పాత్రలయ్యారు. చదువుకున్న మధ్యతరగతి ఇల్లు, భర్త, అత్తవారు. కొట్టడం ఎంత ఉందో, రోజురోజుకూ ఒక మనిషిని ఆ ఇంట్లో ఏమీ కానట్టు చేయడమూ అంతే ఉంది. ఆ భార్య లోపలి కుంగుబాటును చూపడానికి దర్శకురాలు దీపా ధన్‌రాజ్ వ్యాఖ్యాతను పిలవలేదు. ఆ గదులు, ఆ పనులు, ఒక స్నేహితురాలితో నడిచే మాటలు చాలు.

అప్పటికి ఆ బాధకు చట్టంలో పేరు లేదు. భర్త, అతని బంధువులు పెట్టే క్రూరత్వాన్ని నేరంగా చెప్పే 498ఏ సెక్షను శిక్షాస్మృతిలో చేరింది కూడా అదే 1983 చివర్లో. శరీరానికైనా మనసుకైనా కలిగించే హానిని ఆ సెక్షను లెక్కలోకి తీసుకుంది. గృహహింస అన్న మాటతో ప్రత్యేక చట్టం రావడానికి 2005 దాకా పట్టింది. ఈ సినిమాను ప్రొజెక్టరు మోసుకెళ్ళి చూపించి, దీపాలు వేశాక మాట్లాడుకోవడానికి తీశారు. పాత న్యూస్‌రీలు ముగిశాక ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకునేవారు కాదు. తేడా అక్కడే తెలుస్తుంది. యుగాంతర్ చిత్రాలను డిజిటల్‌గా పునరుద్ధరించింది బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ. హైదరాబాద్ ఆడవాళ్ళ తెలుగు మాటలు అంత దూరాన భద్రమయ్యాయి. అందుకు కృతజ్ఞతా ఉంది, మనమెందుకు చేయలేకపోయామన్న బాధా ఉంది.

దీపా ధన్‌రాజ్ తరువాత 1984 నాటి హైదరాబాద్ మతకల్లోలాల మీద ‘క్యా హువా ఇస్ షహర్ కో’ తీశారు. ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని పడగొట్టి మళ్ళీ నిలబెట్టిన ఆ నెలల్లో పాతబస్తీలో కర్ఫ్యూ కింద బతికిన కుటుంబాలు, వేదికల మీద నాయకుల ప్రసంగాలు ఒకే చిత్రంలో ఎదురెదురుగా నిలిచాయి. ఆ ఏడాది నగర చరిత్ర తెలుసుకోగోరేవారికి దీన్ని మించిన ఆధారం నాకు తెలియదు.

ఇక సతీశ్. దూరదర్శన్‌లో ఏళ్ళ తరబడి గ్రామీణ కార్యక్రమాలు చేసిన ఆయన, మిత్రులతో కలిసి 1983లో జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించారు. ఊళ్ళలో దళిత మహిళా రైతుల సంఘాలు ఏర్పడ్డాయి. జొన్న, కొర్ర, కంది కలిపి పండించే ఆ రైతుల్లో చాలామందికి అక్షరాలు రావు. 1990ల చివర్లో వారిలో కొందరి చేతికి వీడియో కెమెరా ఇచ్చి నేర్పించారు. 2001లో పస్తాపూర్ కేంద్రంగా వారి కమ్యూనిటీ మీడియా ట్రస్టు మొదలైంది.

కెమెరా కోణాలకు వారు పెట్టుకున్న పేర్లు చూడండి. పై నుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. ఎత్తున నిలబడ్డ పటేలుకు కూలీలు అలాగే కనిపిస్తారు. కింద నుంచి పైకి చూస్తే బానిస షాట్. పటేలు ముందు వంగి నిలబడ్డవాడి చూపు అది. ఎదురుగా, కంటికి కన్ను సమానంగా చూస్తే సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే నేల మీద కూర్చుంటారు కాబట్టి ఆ పేరు. తాము తీసే సినిమాలకు వారు ఎంచుకున్నది ఈ మూడోదే. కోణాల గురించి పుస్తకాల్లో నేను చదివినదేదీ ఇంత సూటిగా లేదు.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఈ మహిళలు ఆ పంట కాలమంతా వరంగల్ పల్లెలకు తిరిగి తిరిగి వెళ్ళారు. విత్తనం వేసిన నాటి నుంచి పత్తి తీసే దాకా అవే కుటుంబాలను మళ్ళీ మళ్ళీ కలిశారు. మొదట్లో ఆశగా మాట్లాడిన రైతు చివరికి ఖర్చుల లెక్క చెప్పేటప్పుడు ముఖం ఎలా మారిందో ఆ చిత్రంలో ఉంది. అడిగేది పట్నం నుంచి వచ్చిన విలేకరి కాదు. విత్తనమంటే ఏమిటో, అప్పంటే ఏమిటో తెలిసిన సాటి రైతు గట్టు మీద ఎదురుగా కూర్చుని అడిగింది. జవాబులు కూడా అలాగే వచ్చాయి. 2003లో వచ్చిన ఆ చిత్రం తరువాత మూడేళ్ళ అనుభవంతో 2005లో ఇంకొకటి తీశారు.

ఫిలిమ్స్ డివిజన్ ఇప్పుడు విడిగా లేదు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం తీసుకున్న నిర్ణయం ప్రకారం జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిసిపోయింది. ఏడు దశాబ్దాల్లో అది తీసిన వేల చిత్రాల్లో ఆ గంభీరమైన గొంతు తెలుగులో మాట్లాడినవీ ఉన్నాయి. వాటిని బడుల్లో చూపించి, అందులో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు మాట్లాడటం లేదు అని పిల్లల్ని అడిగితే ఎంత మంచి చరిత్ర పాఠం అవుతుందో!

2023 మార్చి 13 పొద్దున్న, మన ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చిన అదే వేదిక మీద తమిళనాడు ఏనుగు సంరక్షకుల మీద తీసిన డాక్యుమెంటరీకీ ఆస్కార్ వచ్చింది. భారతీయ నిర్మాణంలోని డాక్యుమెంటరీకి అది మొదటిది. మనం పాట పండుగలో ఉన్నాం. ఆరు రోజుల తరువాత, మార్చి 19న, పి.వి. సతీశ్ హైదరాబాద్‌లో కన్నుమూశారు. మరునాడు పస్తాపూర్‌లో ఆయనకు వీడ్కోలు చెప్పడానికి వచ్చినవారిలో, ఆయన దగ్గర కెమెరా పట్టడం నేర్చుకున్న రైతులూ ఉన్నారు.