చిన్న యూనివర్సిటీల విలీనం: రెండు వందల ఏళ్ల నాటి లెక్క

విద్యార్థులు తక్కువ, తలసరి ఖర్చు ఎక్కువ, అందుకని పెద్దదాంట్లో కలిపేద్దాం. చిన్న యూనివర్సిటీల గురించి ఎక్కడ చర్చ మొదలైనా చివరికి ఈ మాట దగ్గరికే వస్తుంది, అదీ ఏదో ఈ మధ్యే దొరికిన ఉపాయంలా చెబుతారు. నిజానికి ఈ లెక్కకు రెండు వందల ఏళ్లు దాటాయి. అప్పుడేం జరిగిందో తెలిస్తే ఇప్పుడు జరుగుతున్నది తేలిగ్గా అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి కొంచెం. నేను పీజీ చదివింది చిన్న చోటే. క్లాసులో తొమ్మిది మందిమి. ఒకే పొడవాటి బల్ల, చుట్టూ కుర్చీలు, ఒక కుర్చీ ఖాళీగా ఉంటే ఎవరు రాలేదో అటెండెన్స్ తీసుకోకుండానే అందరికీ తెలిసిపోయేది. వరసగా మూడు రోజులు కనపడకపోతే సారే హాస్టల్ గదికి మనిషిని పంపేవారు. చదవకుండా వెళ్తే దాక్కోవడానికి వెనక బెంచీ ఉండేది కాదు. ఇబ్బందులూ ఉండేవి. నాకిష్టమైన ఎలక్టివ్‌కి ముగ్గురమే పేర్లిచ్చామని దాన్ని ఎత్తేశారు, లైబ్రరీలో కావలసిన పుస్తకం ఒక్కటే కాపీ, ఒక మేడమ్ సెలవు పెడితే ఆ పేపర్ చెప్పేవాళ్లే లేరు. రెండూ నిజమే. కానీ విలీనం లెక్కలు వేసేటప్పుడు ఈ రెండో రకం సంగతులే కాగితం మీదికి వస్తాయి.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జర్మన్ ప్రాంతాల్లో చాలా చిన్న ఊళ్లలో కూడా యూనివర్సిటీలుండేవి. అప్పటికి జర్మనీ ఒక దేశం కాదు, బోలెడు చిన్న రాజ్యాలు, తనకు కావలసిన అధికారులు, మతబోధకులు, వైద్యులు తన గడ్డ మీదే తయారు కావాలని ప్రతి పాలకుడికీ ఉండేది. నెపోలియన్ యుద్ధాలతో ఆ సరిహద్దులు చెరిగిపోయి ఒక్కో రాజు చేతికి నాలుగైదు యూనివర్సిటీలు వచ్చిపడ్డాయి. నెపోలియన్ తమ్ముడు జెరోమ్ ఏలిన వెస్ట్‌ఫేలియా అనే జర్మన్ రాజ్యంలో గోటింగెన్, హాలె, మార్బుర్గ్, హెల్మ్‌స్టెట్, రింటెల్న్ అని ఐదు ఉండేవి. ఖజానా ఖాళీ. చివరి రెండూ 1810లో మూతపడ్డాయి. అంతకుముందే 1798లో మైంజ్, కొలోన్, 1809లో ఆల్ట్‌డార్ఫ్ పోయాయి, తర్వాత 1816లో ఎర్‌ఫుర్ట్, 1818లో డూయిస్‌బుర్గ్. ప్రొటెస్టెంట్ మతోద్యమం మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ పాఠాలు చెప్పిన విట్టెన్‌బెర్గ్‌ను 1817లో హాలెలో కలిపేశారు. కొలోన్‌ను 1919లో, మైంజ్‌ను 1946లో మళ్లీ తెరిచారు. ఆల్ట్‌డార్ఫ్, హెల్మ్‌స్టెట్, రింటెల్న్ చిన్న ఊళ్లు, అక్కడ మళ్లీ తెరవలేదు.

పోయినవన్నీ పనికిరానివేమో అనుకోవడానికి లేదు. 1666లో లైప్‌జిగ్ యూనివర్సిటీ ఒక ఇరవై ఏళ్ల కుర్రాడికి న్యాయశాస్త్రంలో డాక్టరేట్ ఇవ్వనంది. వయసు చాలలేదన్నది ఎక్కువగా చెప్పే కారణం. అతను ఊరు వదిలి ఆల్ట్‌డార్ఫ్ వెళ్లాడు. అక్కడ కొన్ని నెలల్లోనే, 1667లో, పట్టా ఇచ్చారు, ప్రొఫెసర్ ఉద్యోగం కూడా ఇస్తామన్నారు, ఉద్యోగం అతనే వద్దన్నాడు. న్యూటన్‌తో సంబంధం లేకుండా తనంతట తాను కలన గణితాన్ని (క్యాలిక్యులస్) కనిపెట్టిన లైబ్నిజ్ ఇతనే. గొప్ప గణితవేత్త గౌస్ చదివింది పేరున్న గోటింగెన్‌లో, కానీ 1799లో డాక్టరేట్ వచ్చింది హెల్మ్‌స్టెట్ నుంచి. అక్కడ ప్ఫాఫ్ అనే గణిత ప్రొఫెసర్ ఉండేవాడు, గౌస్ కొన్నాళ్లు ఆయన ఇంట్లోనే ఉండి అక్కడి లైబ్రరీ వాడుకున్నాడు. పదకొండేళ్లు తిరిగేసరికి ఆ యూనివర్సిటీయే లేదు.

మరి మూసేసినవాళ్లదంతా తప్పేనా అంటే, కాదు. మొక్కలకూ జంతువులకూ శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ 1735 జూన్‌లో స్వీడన్‌లోనే రాసుకున్న థీసిస్ పట్టుకుని నెదర్లాండ్స్‌లోని హార్డర్‌వైక్ యూనివర్సిటీకి వెళ్లాడు, వారం రోజుల్లో వైద్యంలో డాక్టరై బయటికొచ్చాడు. ఆయన లినేయస్ కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. కానీ అదే దారిలో త్వరగా పట్టా పట్టుకుపోయినవాళ్లు ఇంకా ఉన్నారు, హార్డర్‌వైక్ డిగ్రీ అంటే డచ్ వాళ్లు వెక్కిరించేదాకా వచ్చింది. 1811లో నెపోలియన్ దాన్ని, దాంతోపాటు ఒకప్పుడు తత్వవేత్త డెకార్ట్ విద్యార్థిగా పేరు నమోదు చేసుకున్న ఫ్రానెకర్ యూనివర్సిటీనీ రద్దు చేశాడు. చిన్నదైతే చాలు, మంచిదే అని నేననను. పరీక్ష గట్టిగా పెట్టేవాడు లేనిచోట, పట్టా ఫీజుకు అలవాటు పడినచోట ఇలాగే జరుగుతుంది. ఆ జబ్బుకు విద్యార్థుల సంఖ్యే కారణమని తేల్చేయడం మాత్రం నేను ఒప్పుకోలేను.

ఎందుకంటే కోనిగ్స్‌బర్గ్ ఉంది. ప్రష్యా అనే జర్మన్ రాజ్యానికి తూర్పు చివర, బెర్లిన్‌కు బాగా దూరంగా ఉన్న యూనివర్సిటీ అది. 1834లో అక్కడ భౌతికశాస్త్రవేత్త ఫ్రాంజ్ నాయ్‌మాన్, గణితవేత్త జాకోబీ కలిసి గణితానికీ భౌతికశాస్త్రానికీ ఒక సెమినార్ పెట్టారు. సెమినార్ అంటే మనకిప్పుడు స్లైడ్లు చూపిస్తూ మాట్లాడటం. అక్కడ మాత్రం కొద్దిమంది విద్యార్థులు ఇచ్చిన సమస్యల మీద పనిచేసి, తాము చేసింది సారు ముందు పెట్టి, ఆయన ఎక్కడ వేలు పెడితే అక్కడ జవాబు చెప్పుకోవాలి. యూనివర్సిటీలో సరైన ల్యాబ్ లేదు. చివరికి 1847లో నాయ్‌మాన్ తన భార్యకు వచ్చిన ఆస్తి డబ్బుతో ఇంటి దగ్గరే ల్యాబ్ పెట్టుకున్నాడు. అంతకు రెండేళ్ల ముందే, 1845లో, ఆ సెమినార్ పనిగా ఇరవై ఒక్కేళ్ల విద్యార్థి ఒకడు విద్యుత్ వలయాల గురించి రెండు నియమాలు రాశాడు. అతని పేరు కిర్కాఫ్. జంక్షన్ దగ్గరికి వచ్చే కరెంటు, అక్కణ్నించి పోయే కరెంటు సమానం అని ఫిజిక్స్‌లో మనమంతా బట్టీ పట్టిన నియమం అలా చిన్న క్లాసులో పుట్టింది. తలసరి ఖర్చు లెక్కలో దీన్ని ఏ గడిలో రాస్తారు?

అమెరికాలో కథ ఇంకోలా నడిచింది. 1816లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం డార్ట్‌మత్ కాలేజీని తన చేతిలోకి తీసుకుని యూనివర్సిటీగా మార్చబోయింది. ట్రస్టీలు కోర్టుకెళ్లారు. అది చిన్న కాలేజీయే, అయినా దాన్ని ప్రేమించేవాళ్లున్నారని వాళ్ల లాయర్ డేనియల్ వెబ్‌స్టర్ సుప్రీంకోర్టులో అన్నాడని చెబుతారు. 1819లో కాలేజీయే గెలిచింది, కానీ గెలిపించింది ఆ ప్రేమ కాదు, 1769 నాటి చార్టర్, అంటే కాలేజీని స్థాపించిన అధికార పత్రం. అది ఒప్పందం, రాష్ట్రం తనకు తోచినట్టు మార్చడానికి వీల్లేదంది కోర్టు. కాగితం గట్టిగా ఉంది కాబట్టి బతికింది. హెల్మ్‌స్టెట్‌కు అలాంటి కోర్టు లేదు.

ఇక ఇరవయ్యో శతాబ్దం చివరికి వస్తే రాజుల చోట మంత్రిత్వ శాఖలు కూర్చున్నాయి. 1988లో ఆస్ట్రేలియా విద్యామంత్రి జాన్ డాకిన్స్ యూనివర్సిటీల కొత్త జాతీయ వ్యవస్థలో చేరాలంటే ఫుల్‌టైమ్ లెక్కన కనీసం 2,000 మంది విద్యార్థులుండాలన్నారు, దాంతో చిన్న సంస్థలు వరసపెట్టి ఒకదాంట్లో ఒకటి కలిశాయి. 2007లో డెన్మార్క్ 12 యూనివర్సిటీలను 8 చేసింది. కలిపినచోట పెద్ద ల్యాబులు, ఎక్కువ కోర్సులు వస్తాయి, ఎత్తేసిన నా ఎలక్టివ్ లాంటివి బతుకుతాయి, అది కాదనను. కానీ ఎక్కడ కలిపినా చిన్న క్యాంపస్‌లో ముందు ఒక కోర్సు, తర్వాత ఒక డిపార్ట్‌మెంట్ పెద్దచోటికి తరలిపోతాయేమోనన్న భయం మొదటి రోజు నుంచే ఉంటుంది.

ఆ భయం నిజమైన చోటు లాంపీటర్. వేల్స్‌లోని ఒక చిన్న ఊరు అది, అక్కడి కాలేజీకి 1822లో పునాది వేశారు, 1827లో తెరిచారు. వేల్స్‌లో డిగ్రీలిచ్చే సంస్థల్లో అన్నిటికన్నా పాతది. యూరప్‌లోని అతి చిన్న యూనివర్సిటీల్లో ఒకటిగా పేరు పడింది, వేల్స్‌లో రగ్బీ మొదట ఆడిన విద్యార్థులు అక్కడివాళ్లే అంటారు. 2010లో దాన్ని వేల్స్‌లోనే ఇంకో ఊరైన కార్మార్థెన్‌లోని సంస్థతో విలీనం చేశారు. పదిహేనేళ్లు గడిచాయి. లాంపీటర్‌లో విద్యార్థులు బాగా తగ్గిపోయారని, భవనాల ఖర్చు మోయలేమని చెప్పి 2025 సెప్టెంబరు నుంచి అక్కడి హ్యుమానిటీస్ కోర్సులను కార్మార్థెన్‌కు మార్చారు. పాత విద్యార్థులు, ఊరివాళ్లు వద్దని మొరపెట్టుకున్నారు. కోర్సులున్నాయి, డిగ్రీ ఉంది. అవి చదవడానికి ఇప్పుడు లాంపీటర్ వెళ్లనక్కర్లేదు.