పలక తుడవకుండా బాకీ రాయడం

"ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో ఒకసారి ఇచ్చిన విలువ మారదంటున్నారు. మరి నా ఖాతాలో బ్యాలెన్సు ఎలా మారుతోంది సార్?" బీటెక్ రెండో ఏడు చదువుతున్న కుర్రాడి ప్రశ్న ఇది. ఫంక్షన్ అంటే ఏమిటి, రికర్షన్ అంటే ఏమిటి అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేద్దాం. ఈ ప్రశ్న మాత్రం నాకు భలే నచ్చింది.

మా వీధి కిరాణా కొట్టాయన మొదట్లో బాకీలు పలక మీద రాసేవాడు. మా పేరు పక్కన 340 ఉంటుంది. 60 రూపాయల కందిపప్పు తెచ్చుకుంటే, 340 తుడిచి 400 వేస్తాడు. మామూలు ప్రోగ్రాముల్లో స్టేట్, అంటే ప్రోగ్రాము గుర్తుపెట్టుకునే ప్రస్తుత విలువ, ఈ పలకే. "400 ఎలా అయిందండీ?" అని నెలాఖరున అడిగితే పలక ఏం చెబుతుంది? గొడవలు పడలేక ఆయన ఖాతా పుస్తకం పెట్టాడు. పప్పు 60, బాకీ 400. నూనె 150, బాకీ 550. జమ 200, బాకీ 350. పాత అంకెల జోలికి ఎవరూ పోరు. 400 ఎప్పటికీ 400గానే ఉంటుంది, దాని కింద ఇంకో వరస చేరుతుందంతే.

ఇప్పుడు పుస్తకాన్ని నిలువుగా చూడండి. ఎడమ పక్క పద్దులు: +60, +150, −200. ఇదో స్ట్రీమ్, అంటే ఒకదాని వెనక ఒకటి వచ్చే విలువల వరస. కుడి పక్క బాకీలు: 340, 400, 550, 350. ఇది ఇంకో స్ట్రీమ్. మొదటిదాని నుంచి రెండోది పుట్టించే పనిముట్టును స్కాన్ అంటారు. మొదటి విలువ, పద్దుల స్ట్రీమ్, పాత బాకీకి పద్దు కలిపి కొత్త బాకీ చెప్పే చిన్న ఫంక్షన్, ఈ మూడూ ఇస్తే చాలు. పద్దులు 3, బాకీలు 4 ఎందుకయ్యాయంటే మొదటి విలువ కూడా వరసలో ఉంటుంది కాబట్టి. ఇక్కడే కొత్తవాళ్లు ఒకటి తప్పు లెక్కపెడతారు. ధాన్యం కొలిచేవాళ్లు ఒకటి అనకుండా 'లాభం' అని మొదలెడతారు. నమ్మకం సంగతెలా ఉన్నా, మొదటిదానికి ప్రత్యేకంగా ఓ పేరుంటే మర్చిపోయే ప్రమాదం తక్కువ!

క్లాసుల్లో ఫోల్డ్‌ని, అంటే వరసనంతా కలిపి ఒకే విలువగా తేల్చే పనిముట్టును, వారం రోజులు చెప్పి స్కాన్‌ని చివరి పది నిమిషాల్లో ముగిస్తారు. నాకది నచ్చదు. ఫోల్డ్ చివరి బాకీ ఒక్కటే ఇస్తుంది. పద్దులకు అంతమే లేకపోతే? ఎడమ నుంచి కలుపుకుంటూ పోయే ఫోల్డ్ ఎప్పటికీ నోరు విప్పదు. స్కాన్ వరసకో జవాబు చెబుతూ పోతుంది.

అంతు లేని స్ట్రీమ్ మెమరీలో ఎలా పడుతుందంటారా? హాస్కెల్ అనే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషకి బద్ధకం ఎక్కువ, అడిగేదాకా లెక్క కట్టదు. పదో బాకీ అడిగితే పదో వరస దాకానే కదులుతుంది. ఈ బద్ధకంతో ఓ తిరకాసు ఉంది. 10 లక్షల పద్దులు స్కాన్ చేసి చివరి బాకీ మాత్రమే అడిగామనుకోండి. మధ్య బాకీలు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి, "పాతదానికి 60 కలపాలి" అన్న చీటీలు, అంటే థంక్‌లు, గుట్టగా పేరుకుపోతాయి. ఆప్టిమైజేషన్ ఆదుకోకపోతే ర్యామ్ హారతి కర్పూరమే. నేను ఓసారి రాత్రంతా టెన్షన్ పడ్డాను. చివరికి ఏ వరసకా వరస లెక్క తేల్చేసే స్ట్రిక్ట్ రకం స్కాన్ వాడాక కుదుటపడింది.

1990లో వచ్చిన మొదటి హాస్కెల్‌లో ఇన్‌పుట్, అవుట్‌పుట్ కూడా స్ట్రీములే. ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే జవాబుల స్ట్రీమ్ ప్రోగ్రాము లోపలికి, ప్రోగ్రాము అడిగే కోరికల స్ట్రీమ్ బయటికి. మొదటి జవాబు రాకముందే మొదటి కోరిక పంపాలి కాబట్టి, బద్ధకం లేకపోతే ఆ బండి కదలదు. 1996లో హాస్కెల్ 1.3 ఆ చోట మొనాడ్లను, అంటే పనులను ఒకదాని వెనక ఒకటి వరసగా గుదిగుచ్చే పద్ధతిని, కూర్చోబెట్టింది.

ఇంతా విని ఆ కుర్రాడు "మరి జాయింట్ ఖాతాకో?" అన్నాడు. అసలు చిక్కు అక్కడే. కొట్లో తండ్రీ కొడుకులు చెరో పుస్తకం రాస్తున్నారనుకుందాం. 500 దాటితే అప్పు లేదు. మా బాకీ 450. అమ్మ తండ్రి దగ్గర 40 రూపాయల సబ్బు అడిగింది, నేను కొడుకు దగ్గర 30 రూపాయల బిస్కెట్లు అడిగాను. ఏది ముందు రాస్తే అదే దక్కుతుంది, రెండోది కుదరదు. రెండు స్ట్రీములనూ ఒకటిగా కలపాలి, కానీ ఏది ముందో ఏ పుస్తకంలోనూ లేదు. ఇక ప్రతి పద్దు పక్కనా టైము వేసుకోవాల్సిందే.