టకటకా, ఒకే ఒక్క టక్కా?

“బండి స్టార్ట్ కావట్లేదు” అన్న మాటలో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. తాళం తిప్పినా సెల్ఫ్ (ఇంజిన్‌ను మొదట తిప్పే కరెంటు మోటార్) అసలు తిరగకపోవడం ఒకటి. సెల్ఫ్ బాగానే తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోవడం ఇంకొకటి. మొదటిదానికి పెట్రోలుతోనూ ప్లగ్గులతోనూ సంబంధం లేదు. రెండోదానికి బ్యాటరీ కారణం కావడం తక్కువ. ఈ తేడా చూడకుండా కొత్త బ్యాటరీ కొనేసేవాళ్లే ఎక్కువ.

కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) ఉన్న పాత మారుతీ 800నే తీసుకుందాం. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన 796 సీసీ, మూడు సిలిండర్ల కారు. పాత మోడల్ అయితే బానెట్ ఎత్తగానే అన్నీ కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, హెడ్‌లైట్లు వేయండి. ఇంకొకరిని తాళం తిప్పమని చెవి అటు పెట్టండి. టకటకటక అని వరసగా కొట్టుకుంటే సోలినాయిడ్ (సెల్ఫ్ మోటార్‌కు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చి) పట్టు నిలవడం లేదన్నమాట. దాంట్లో రెండు తీగచుట్టలుంటాయి. ఒకటి ప్లంజర్ అనే ఇనుపకడ్డీని లోపలికి లాగుతుంది, రెండోది లాగినదాన్ని పట్టి ఉంచుతుంది. ప్లంజర్ చివరి రాగిబిళ్ల బ్యాటరీ వైరు బోల్టునూ మోటార్ బోల్టునూ కలపగానే లాగే చుట్టకు కరెంటు ఆగిపోతుంది, భారమంతా పట్టి ఉంచే చుట్టదే. సరిగ్గా అప్పుడే మోటార్ వంద ఆంపియర్లకు పైగా గుంజుతుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే వోల్టేజి కుప్పకూలి ఆ చుట్ట పట్టు వదులుతుంది, స్ప్రింగ్ ప్లంజర్‌ను వెనక్కి తోస్తుంది. లోడు పోగానే వోల్టేజి లేస్తుంది, మళ్లీ లాగుతుంది. ఆ టకటక ఇదే.

ఒకే ఒక్క ‘టక్’ అని ఆగిపోతే హెడ్‌లైట్లు చూడండి. బాగా మసకబారితే మోటార్‌కు కరెంటు చేరుతోంది కానీ మోటారో ఇంజినో బిగుసుకుపోయింది, లేదా బ్యాటరీ చేవ చచ్చింది. లైట్లు ఏమాత్రం తగ్గకపోతే కరెంటు మోటార్‌కు చేరడమే లేదు: సోలినాయిడ్ లోపలి కాంటాక్టులు కాలిపోయి ఉండాలి, లేదా మోటార్ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్షులు అరిగిపోయి ఉండాలి. చప్పుడే లేకుండా లైట్లు ధగధగలాడుతుంటే సోలినాయిడ్‌కు వచ్చే సన్నవైరు దగ్గర వోల్టేజి కొలవండి. తాళం తిప్పి పట్టుకున్నప్పుడు అక్కడ 12 వోల్టులు లేకపోతే ఇగ్నిషన్ స్విచ్చి గానీ, జారిపోయిన వైరు క్లిప్పు గానీ కారణం.

బ్యాటరీని ఊరికే కొలిస్తే నిండుగా ఉన్నది 12.6 చూపిస్తుంది, సగం అయిపోయింది 12.2 దగ్గర ఉంటుంది. అసలు పరీక్ష సెల్ఫ్ కొట్టేటప్పుడే. అప్పుడు 9.6 కన్నా కిందికి పడితే ముందు ఛార్జింగ్ పెట్టించాలి, నిండా ఛార్జ్ చేశాక కూడా అంతే పడితే మార్చాలి.

బ్యాటరీ బాగుండి సెల్ఫ్ బరువుగా మూలుగుతుంటే ఎర్త్‌ను (బ్యాటరీ మైనస్‌ను ఇంజిన్‌కు, బాడీకి కలిపే దారిని) అనుమానించండి. జాయింటు దగ్గర 0.02 ఓముల చిలుము చేరిందనుకోండి, వినడానికి అదో లెక్కే కాదు. 150 ఆంపియర్లు పారేటప్పుడు మాత్రం అక్కడే 3 వోల్టులు మింగేస్తుంది. కరెంటు పారనప్పుడు మీటర్ పెడితే మోటార్ దగ్గరా 12.6 చూపించి మోసం చేస్తుంది. అందుకే ఇంజిన్ అందుకోకుండా ఇగ్నిషన్ కాయిల్ సన్నవైరు పీకేసి, మీటర్ ఒక మొన బ్యాటరీ మైనస్ సీసపు మొలకి (క్లాంపుకి కాదు), రెండోది ఇంజిన్ బ్లాకు మీద శుభ్రమైన లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టాలి. అర వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో జాయింటు పాడైంది. ప్లస్ మొల నుంచి మోటార్ బోల్టు దాకా కూడా ఇంతే. క్లచ్ పని చేయించాక గేర్‌బాక్స్ దగ్గరి ఎర్త్ పట్టీ సరిగా బిగించకపోవడం తరచూ జరిగేదే. టెర్మినళ్లను వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, గరుకు కాగితంతో రుద్ది, బిగించాక వాజెలిన్ పూయాలి. విప్పేటప్పుడు ముందు మైనస్ తీయాలి.

ఇక సెల్ఫ్ తిరిగి ఇంజిన్ అందుకోని బండి. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, ఇంజిన్ తిప్పకుండానే, యాక్సిలరేటర్ లివర్‌ను చేత్తో కదపండి. కార్బొరేటర్ గొంతులోకి పెట్రోలు సన్నటి ధారగా చిమ్మితే అక్కడిదాకా వచ్చినట్టే. (దగ్గర్లో బీడీ, సిగరెట్టు ఉండకూడదని వేరే చెప్పాలా?) ధార రాకపోతే ఫిల్టర్, పంపు, గొట్టాలు చూడాలి. నెలల తరబడి ఆగిన బండిలో ఫ్లోట్ గిన్నె (కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే చోటు) ఎండిపోతుంది. పంపు ఇంజిన్‌తోనే నడుస్తుంది కాబట్టి పది సెకన్లు కొట్టడం, నిమిషం ఆగడం, ఇలా కొన్నిసార్లు చేస్తేగాని నిండదు. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాతకాలపు రబ్బరు దానికోసం చేసింది కాదు, పగిలిన గొట్టంలో పంపు పెట్రోలుకు బదులు గాలి పీల్చుకుంటుంది. ప్లగ్గు తడిసి వాసన కొడుతుంటే మాత్రం పెట్రోలు ఎక్కువైంది: చోక్ (గాలి తగ్గించే మూత) వేసి ఉంటే ఆపేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి.

పెట్రోలు ఉంటే నిప్పురవ్వ చూడాలి. ఎయిర్ ఫిల్టర్ మూత మళ్లీ పెట్టాకే సుమా. విడి ప్లగ్గును వైరుకు తగిలించి, ఒళ్లు ఇంజిన్‌కు ఆనేలా కార్బొరేటర్‌కు దూరంగా పెట్టి, చేత్తో పట్టుకోకుండా సెల్ఫ్ కొట్టించండి. నీలంగా చటుక్కున దూకాలి. పసుపురంగు రవ్వ బలహీనం. అసలు రాకపోతే డెల్కో (ప్లగ్గులకు వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) మూత విప్పి తడి, సన్నని పగులు, దాని వెంట నల్లటి గీత ఉన్నాయేమో చూడండి. వానాకాలంలో పొడిగుడ్డతో తుడిస్తేనే లేచే బళ్లు ఎన్నో.

మూత విప్పి ఉండగానే ఒకసారి సెల్ఫ్ కొట్టించి లోపలి రోటర్ (ఒక్కో ప్లగ్గు వైరుకు కరెంటు అందిస్తూ తిరిగే ముక్క) తిరుగుతోందో లేదో చూడండి. ఈ ఇంజిన్‌లో డెల్కో క్యామ్‌షాఫ్ట్‌తో (వాల్వులు తెరిచే ఇరుసుతో) తిరుగుతుంది, క్యామ్‌షాఫ్ట్‌ను టైమింగ్ బెల్టు తిప్పుతుంది. రోటర్ కదలకుండా ఉండి, సెల్ఫ్ చప్పుడు ఎప్పటిలా ఎగుడుదిగుడుగా కాకుండా మిక్సీలా ఒకే తీరుగా వస్తుంటే బెల్టు తెగింది. అలాంటి బండిని తోయడానికి వీధిలో నలుగుర్ని పిలిచినా చెమట తప్ప ఫలితం ఉండదు, లాక్కెళ్లాల్సిందే.