ఛాతీలో మంట – క్యాన్సర్ భయం: అపోహలు, వాస్తవాలు

అపోహ: ఎసిడిటీ ముదిరితే చివరికి క్యాన్సరే.

చాలామందికి అంతదాకా వెళ్లదు. కడుపులోని యాసిడ్, పైత్యరసం ఏళ్ల తరబడి పైకి తంతూ ఉంటే కొందరిలో అన్నవాహిక అడుగున ఉండే పొర మారిపోయి పేగు లోపలి పొరలా తయారవుతుంది. దాన్ని బారెట్స్ ఈసోఫేగస్ అంటాం. 1950లో దీని గురించి రాసిన సర్జన్ నార్మన్ బారెట్ పేరది, ఆయనేమో మొదట్లో అది అన్నవాహికే కాదు, ఛాతీలోకి లాగబడిన కడుపు అని వాదించాడు! ఆ పొరలో కణాల తీరు చెడితే డిస్‌ప్లేసియా, అది తీవ్రమైతే ఆ తర్వాత ఎడినోకార్సినోమా అనే క్యాన్సర్. డిస్‌ప్లేసియా లేని బారెట్స్ ఉన్నవాళ్లలో ఏడాదికి క్యాన్సర్ వచ్చేది 200 మందిలో ఒకరికన్నా తక్కువే.

అపోహ: మంట తగ్గింది కాబట్టి జబ్బు పోయింది.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. మారిన పొరకి యాసిడ్ మంట అంతగా తెలియదు, అందుకని పదేళ్లు మండిన ఛాతీ ఉన్నట్టుండి చల్లబడితే అది నయమవడం కాకపోవచ్చు. మంట ఎంతుందో కాదు, ముద్ద దిగుతోందా లేదా అన్నది చూసుకోండి. ముందు చపాతీ, మాంసం ముక్క అడ్డుపడతాయి, జనం ఏం చేస్తారంటే మెత్తగా కలిపిన పెరుగన్నానికో జావకో మారిపోయి సర్దుకుంటారు, ఇంట్లోవాళ్లు కూడా వయసు మీద పడిందిలే అనుకుంటారు, అలా నెలలు గడిచిపోతాయి. దీనికి తోడు బరువు తగ్గడం, రక్తహీనత, నల్లటి విరేచనం ఉంటే ఆగకండి.

అపోహ: రోజూ గ్యాస్ మాత్ర వేసుకుంటే చాలు.

పాంటాప్రజోల్ లాంటివి యాసిడ్‌ని తగ్గిస్తాయి, పుండు మానుతుంది. కానీ పైకి తన్నడం ఆగదు, మారిన పొర కూడా మామూలుగా వెనక్కి రాదు. ఏళ్లుగా మంట ఉన్న మగవాళ్లు, అందులోనూ 50 దాటి, పొట్ట ఉండి, సిగరెట్ తాగేవాళ్లు షాపులో స్ట్రిప్పులు కొనుక్కోవడం కాదు, ఒకసారి ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం పంపి లోపల చూసే పరీక్ష) చేయించుకోవాలి.

అపోహ: కారం తినడం వల్లే అన్నవాహిక క్యాన్సర్.

మన దేశంలో ఎక్కువగా కనిపించేది స్క్వామస్ రకం, అంటే అన్నవాహిక మామూలు పొరలోనే పుట్టేది. దాని వెనక ఉండేవి పొగాకు, గుట్కా, మద్యం. 65 డిగ్రీలు దాటిన పొగలు కక్కే చాయ్ కూడా ముప్పు పెంచే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో చెప్పింది. కారం మంట పెంచుతుంది, అంతే.

అపోహ: పరీక్ష కోసం ముక్క తీస్తే (బయాప్సీ) క్యాన్సర్ పాకిపోతుంది.

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, దీనికి భయపడి పరీక్ష తప్పించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాకదు. బయాప్సీ లేకుండా బారెట్సో కాదో, డిస్‌ప్లేసియా ఉందో లేదో తేలదు. డిస్‌ప్లేసియా తీవ్ర దశలో దొరికినా కోత లేకుండా ఎండోస్కోప్‌తోనే ఆ పొరని తీసేయడం, వేడితో కాల్చేయడం చాలామందిలో కుదురుతుంది.