పాటకు ఊగని ఉయ్యాల

మాంబళంలో మా పక్కవీధి పెద్దాయన ఒకరు వాళ్ల నాన్నగారి గారార్డ్ 401 రికార్డు ప్లేయర్‌ని అటక మీంచి దించారు. 1965లో వచ్చిన మోడల్, పళ్లెం ఇప్పటికీ చప్పుడు లేకుండా తిరుగుతోంది. రికార్డు మీద ముల్లుని మోసే ఆర్మ్ మాత్రం లేదు, అసలు దాన్ని ఆర్మ్ లేకుండానే అమ్మేవారు. "మాస్టారూ, 12 అంగుళాల ఆర్మ్ మంచిదంటున్నారు, కొనెయ్యమంటారా?" అని అడిగారు. దాని కొసన ఏ కార్ట్రిడ్జ్, అదే ముల్లు ఉండే చిన్న డబ్బీ, పెడతారండీ అన్నాను. "అది తర్వాత చూసుకోవచ్చు కదా" అన్నారు. ఆ "తర్వాత" దగ్గరే నేనూ ఒకసారి చేతులు కాల్చుకున్నాను.

పొడవు గొడవ రెండు ముక్కల్లో తేల్చేస్తాను. రికార్డు గాడి చెక్కే కటింగ్ తల సరళరేఖలో జరుగుతుంది, మన ఆర్మ్ ఒక ఇరుసు చుట్టూ వంపుగా తిరుగుతుంది. ఆర్మ్ పొడుగైతే ఆ కోణం తేడా కాస్త తగ్గుతుంది. 1938లో లోఫ్‌గ్రెన్ అనే స్వీడన్ ఆయన లెక్క కట్టాక పొట్టి ఆర్మ్‌తోనూ రెండు చోట్ల తేడాని సున్నా చేయొచ్చని స్థిరపడింది. కార్ట్రిడ్జ్ కోణం సరిచూసుకునే ప్రొట్రాక్టర్ కాగితం మీద కేంద్రం నుంచి సుమారు 66, 121 మి.మీ. దూరాల్లో ఉండే రెండు చుక్కలు అవే. అరగంట పని. నాకు ఇష్టమైన విషయం ఇది కాదు.

నాకిష్టమైంది ఉయ్యాల. పసిపిల్లలకి కట్టే స్ప్రింగు ఉయ్యాల చూశారుగా, పైన కొక్కెం, దానికి స్టీలు స్ప్రింగు, స్ప్రింగుకి పాత చీర, చీరలో బిడ్డ. కార్ట్రిడ్జ్‌లో ముల్లు బిగించిన సన్నటి పుల్ల వెనకాల చిన్న రబ్బరు ముక్క ఉంటుంది. అదే స్ప్రింగు. ముల్లు కొక్కెం. కార్ట్రిడ్జూ ఆర్మూ కలిసి బిడ్డ. ఉయ్యాలని తలకిందులు చేసి గాడిలో నిలబెట్టారు, అంతే.

ఇప్పుడు ఆ కొక్కేన్ని పట్టుకుని మెల్లగా పైకీ కిందకీ జరపండి. బిడ్డ కూడా దాంతోపాటే లేస్తుంది, దిగుతుంది, స్ప్రింగు సాగనే సాగదు. కొక్కేన్ని గడగడా వణికించండి, బిడ్డ కదలకుండా నిద్రపోతుంది, వణుకంతా స్ప్రింగే మింగుతుంది. ఈ రెంటికీ మధ్య ఒక వేగం ఉంది, ఆ వేగంతో కొంచెం కదిపినా చాలు, బిడ్డ ఎగిరెగిరి పడుతుంది. అదే అనునాదం. పాతికేళ్లు పాఠం చెప్పాను, వంతెన మీద సైనికులు అంటూ నేనూ వల్లె వేయించినవాణ్ణే, ఇంట్లో వేలాడే ఉయ్యాల ఒక్కరోజూ గుర్తు రాలేదు.

కార్ట్రిడ్జ్ పలికేది ముల్లుకీ దాని ఒంటికీ మధ్య ఉన్న కదలికనే. వంకర పోయిన రికార్డు సెకనుకు అయిదారుసార్లకు లోపే ముల్లుని లేపి దించుతుంది, అప్పుడు ఆర్మ్ కూడా లేవాలి. సంగీతం 20 నుంచి పైన, అప్పుడు ఆర్మ్ బిగుసుకుని నిలబడాలి. కాబట్టి ఆ ఎగిరిపడే వేగం మధ్యలో, 8 నుంచి 12 హెర్ట్జ్ (అంటే సెకనుకు అన్నిసార్లు) లోపల పడాలి. లెక్క ఇదీ: ఆర్మూ కార్ట్రిడ్జూ కలిపిన బరువుని గ్రాముల్లో, రబ్బరు మెతకదనాన్ని కంప్లయన్స్ అంకెలో తీసుకుని గుణించండి, వర్గమూలం కట్టండి, దానితో 159ని భాగించండి.

నేను చేసిన ఘనకార్యం చెప్తాను. 20 గ్రాముల ఆర్మ్, 6 గ్రాముల కార్ట్రిడ్జ్, కంప్లయన్స్ 30. లెక్క కడితే 5.7 వస్తుంది, కానీ కొనేముందు కట్టలేదు. బీరువాలో వాలి వంకరపోయిన ఘంటసాల ఎల్.పి. పెడితే స్పీకరు అట్ట శబ్దం లేకుండా గుప్పుగుప్పుమని ముందుకీ వెనక్కీ ఊగింది, ముల్లు గాడి దాటింది. మా బాబాయి వచ్చి ఆర్మ్ తల మీద పావలా బిళ్ళ పెట్టాడు. పాత రోజుల్లో అందరూ చేసిందే, దిష్టి బొట్టులాంటి నమ్మకం. ఆ బిళ్ళ రెండున్నర గ్రాములు. గాడి మీద ఒత్తిడి ఒకటిన్నర నుంచి నాలుగుకి పెరిగింది, బిడ్డ బరువెక్కి ఊగే వేగం ఇంకా దిగింది. గాడి అరగడానికి ఇంతకంటే దగ్గరదారి లేదు.

ఆర్మ్ బరువంటే కాటా మీద పెట్టి తూచే బరువు కాదు, ఇరుసు చుట్టూ తిప్పేటప్పుడు ముల్లు దగ్గర తెలిసే బరువు. ఆర్మ్ వెనక కొసన తూకం కోసం ఉండే బిళ్ళ 50 గ్రాములది 6 సెం.మీ. దూరంలో పెట్టినా, 100 గ్రాములది 3 సెం.మీ.లో పెట్టినా తూకం ఒకటే. కానీ దూరాన్ని వర్గం చేయాలి కాబట్టి 23 సెం.మీ. ఆర్మ్‌కి మొదటిది 3.4 గ్రాములు కలుపుతుంది, రెండోది 1.7 మాత్రమే. అందుకే బిళ్ళ లావుగా, ఇరుసుకి దగ్గరగా ఉంటే లాభం. పొడుగు ఆర్మ్‌లు ఎక్కువగా బరువైనవే అవుతాయి, ఆ పెద్దాయనకి ఎవరూ చెప్పనిది అదే. కొన్ని ఆర్మ్‌లకి ఇరుసు దగ్గర చిక్కటి సిలికోన్ నూనె తొట్టి ఉంటుంది, ఉయ్యాల మీద అమ్మ వేసిన చెయ్యిలాగా ఎగురుడుని అణుస్తుంది. పాత కార్ట్రిడ్జ్ రబ్బరు ఏళ్లకి బిరుసెక్కుతుంది, పెట్టె మీది అంకెని నమ్మొద్దు. జపాన్ వాళ్లు కంప్లయన్స్‌ని తరచు 100 హెర్ట్జ్ దగ్గర చెప్తారు, మన లెక్కకి కావలసింది 10 హెర్ట్జ్ దగ్గరి అంకె కాబట్టి దాన్ని ఒకటిన్నర నుంచి రెండు రెట్లు చేసుకోవాలి.

మొన్న పెద్దాయన సొరుగులోంచి డెనాన్ డీఎల్-103 కార్ట్రిడ్జ్ తీసుకొచ్చారు. టీ.నగర్‌లో తెలిసిన బంగారం కొట్లో కాటా మీద పెట్టించాం, ఎనిమిదిన్నర గ్రాములు. కొట్టాయన వింతగా చూసి, "తరుగు తియ్యాలా సార్?" అన్నాడు. స్క్రూలతో కలిపి పది అనుకుందాం. దాని అంకె 100 హెర్ట్జ్ దగ్గర 5, అంటే ఇక్కడికి రమారమి 10. ఆర్మ్ 15 గ్రాములైతే మొత్తం పాతిక, వేగం దాదాపు 10. ఆయన ఇప్పుడు 15 గ్రాముల ఆర్మ్ వెతుకుతున్నారు, పొడవు సంగతి మళ్లీ ఎత్తలేదు.